అరల్ నిండుగా ఉన్న రోజులు

మధ్య ఆసియాలోని అరల్ సముద్రం నీళ్ళు మహా తేటగా ఉండేవి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దాని కొలతలు తీసిన భూగోళ శాస్త్రవేత్త లెవ్ బెర్గ్ తెల్లటి పళ్ళేన్ని తాడుకు కట్టి నడిసముద్రంలో దింపితే, ఇరవై మీటర్లు దాటాక కూడా అది పైనున్నవాళ్ళ కంటికి ఆనేది. లీటరు నీటిలో ఉప్పు పది గ్రాములే. మహాసముద్రంలో ఉండేది 35 గ్రాములు. అందుకే పేరుకు సముద్రమైనా అందులో బతికిందంతా దాదాపు మంచినీటి సంతానమే. సజాన్ అనే కార్పు, లేష్, సుదాక్, వోబ్లా, మీసాల ఉసాచ్, షిప్ అని పిలిచే స్టర్జన్ చేపలు నదుల్లోంచి దిగి ఆ ఉప్పదనానికి అలవాటుపడి కొవ్వెక్కేవి. చలికాలం ఉత్తరపు తీరమంతా గడ్డకట్టేది. జాలర్లు మంచుకు బొక్కలు పొడిచి కింద వలలు పరిచేవారు. వసంతం రాగానే డెల్టాల రెల్లుపొదల్లోకి చేపలు గుడ్లు పెట్టడానికి ఎగబడేవి.

1960కి ముందు అరల్ విస్తీర్ణం సుమారు 68,000 చదరపు కిలోమీటర్లు. మట్టం సముద్రమట్టానికి 53 మీటర్ల ఎత్తున ఉండేది, ఏటా కాస్త అటూ ఇటూ అయ్యేది. ప్రపంచంలో నాలుగో పెద్ద సరస్సు అని మా తరం భూగోళం పాఠంలో వల్లెవేసింది ఈ అరల్ గురించే. అట్లాసులో కాస్పియన్‌కు కుడిచేతి పక్కన ముద్దగా నీలం రంగు ఉండేది. సముద్రం తగ్గిపోయిన చాలా ఏళ్ళ వరకు పటాలు గీసేవాళ్ళు ఆ నీలాన్ని అలాగే ఉంచారు.

ఆ నీళ్ళ మీద బతికిన ఊళ్ళలో రెండింటి పేర్లు గుర్తుంచుకోవాలి. ఉత్తరాన కజాఖ్‌స్తాన్‌లో అరల్స్క్, దక్షిణాన ఉజ్బెకిస్తాన్‌కు చెందిన కరకల్పాక్‌స్తాన్‌లో మొయినాక్. ఓరెన్‌బర్గ్ నుంచి తాష్కెంట్‌కు 1900ల మొదట్లో వేసిన రైలుమార్గం సముద్రాన్ని తాకిన చోట అరల్స్క్ పెరిగింది. దక్షిణాన అమూ దర్యా డెల్టాలో పండిన పత్తి ఓడల్లో వచ్చి అరల్స్క్‌లో రైలెక్కేది, చేపలూ అక్కడే రైలెక్కేవి. 1921 కరవులో లెనిన్ అరల్ జాలర్లకు ఉత్తరం రాస్తే వాళ్ళు 14 వ్యాగన్ల చేపలు పంపారు. ఆ సంగతిని అరల్స్క్ రైల్వే స్టేషన్ గోడ మీద రంగురాళ్ళ బొమ్మగా పొదిగారు, అది ఇప్పటికీ ఉంది. 1950ల చివర్లో ఏటా 40,000 టన్నులకు పైగా చేపలు పడేవి. మొయినాక్‌లో డబ్బాల ఫ్యాక్టరీ పగలూ రాత్రీ నడిచేది. డెల్టా రెల్లుగడ్డిలో మస్క్‌రాట్‌లనే పెద్ద నీటి ఎలుకలను పట్టి తోళ్ళు అమ్ముకునేవారు. నది వెంట తుగాయ్ అడవులు దట్టంగా ఉండేవి.

ఇంకా వెనక్కి వెళితే 1848. రష్యా నౌకాదళ అధికారి అలెక్సేయ్ బుతకోవ్ ఓరెన్‌బర్గ్‌లో ‘కొన్స్తాంతిన్’ అనే ఓడ కట్టించి, దాన్ని మళ్ళీ విడదీసి, బళ్ళ మీద స్టెప్పీ దాటించి సిర్ దర్యా ఒడ్డున బిగించాడు. రెండు వేసవులు అరల్ చుట్టూ తిరిగి మొదటి లోతుల పటం తయారుచేశాడు. ఆ ఓడలో బొమ్మలు గీయడానికి వెళ్ళినవాడు ప్రవాసశిక్షలో ఉన్న ఉక్రేనియన్ కవి తరాస్ షెవ్చెంకో. ఆయన నీటిరంగుల్లో వేసిన అరల్ తీరాలు చూస్తుంటే నాకు ఎప్పుడూ మనసు కలుక్కుమంటుంది. ఆ రేవుల్లో చాలాచోట్ల ఇప్పుడు చుక్క నీరు లేదు.

ఈ సముద్రం ఎలా బతికింది, ఎందుకు చావబోయింది అన్నది తెలియాలంటే ఒక్క లెక్క చాలు. అరల్‌లోకి రెండు నదులు వస్తాయి, బయటికి ఒక్కటీ పోదు. పామీర్ నుంచి అమూ దర్యా, తియాన్‌షాన్ నుంచి సిర్ దర్యా కలిసి ఏటా సగటున 56 ఘన కిలోమీటర్ల నీరు తెచ్చేవి. మనకు అలవాటైన కొలతలో దాదాపు 2,000 టీఎంసీలు. వాన, మంచు కలిపి మరో 9 ఘన కిలోమీటర్లు. ఎడారి ఎండకూ గాలికీ ఏడాదికి ఉపరితలం మీంచి సుమారు ఒక మీటరు మందం నీరు ఆవిరయ్యేది. 68,000 చదరపు కిలోమీటర్ల మీద ఒక మీటరంటే అటూ ఇటూగా వచ్చినంతే. జమా ఖర్చు సరిపోయేది, మట్టం నిలిచేది. ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. చదరపు కిలోమీటరు నీటికి ఏటా పది లక్షల ఘనమీటర్లు అందాలి. అంత అందకపోతే ఆ చదరపు కిలోమీటరు ఎండుతుంది, తీరం లోపలికి జరుగుతుంది, విస్తీర్ణం తగ్గి ఆవిరి తగ్గుతుంది, ఎక్కడో ఒకచోట మళ్ళీ జమా ఖర్చు సరిపోయి సరస్సు ఆగుతుంది. కొత్త తీరం ఎక్కడ పడాలో నిర్ణయించేది నది తెచ్చే నీరే. అరల్ గురించి మాట్లాడేవాళ్ళు ఆనకట్టల గురించి, ఓడల గురించి చాలా చెబుతారు గాని, ఈ లెక్కను ముందు పెట్టేవాళ్ళు తక్కువ.

అరల్ వెనక్కి తగ్గడం అదే మొదటిసారి కాదు. ఎండిన అడుగున కెర్దెరీ అనే చోట పద్నాలుగో శతాబ్దపు సమాధి మందిరం బయటపడింది. అంటే ఆ కాలంలో అక్కడ మనుషులు నడిచే నేల ఉండేది. అమూ దర్యా దారి మార్చుకుని పడమటి సరికమిష్ పల్లంలోకి పోయినప్పుడల్లా అరల్ చిక్కిపోయేది, నది తిరిగొస్తే నిండేది. ఈసారి దారి మళ్ళించింది మనుషులు.

పత్తి కోసం కాలువలు పాతకాలం నుంచీ ఉన్నాయి. ఎక్కువ తక్కువల తేడా ఎక్కడొచ్చిందంటే, తొలిరోజుల సాగులో డెల్టాల్లోని చిత్తడులూ రెల్లూ తాగే నీళ్ళే పొలాలకు మళ్ళాయి, వాటి వాడకం తగ్గిన మేరకు సముద్రానికి లోటు పడలేదు. 1950ల చివరికి ఆ వెసులుబాటు అయిపోయింది. 1954లో మొదలైన కరకుం కాలువ అమూ దర్యా నీటిని తుర్క్‌మెనిస్తాన్ ఎడారి మీదుగా తీసుకుపోయింది. పూర్తయ్యేసరికి 1,300 కిలోమీటర్లు దాటింది. ఇసుకలో తవ్విన కాలువకు లైనింగు లేదు. పారినంత దూరం ఇంకుతూనే పోయింది, పక్కన చెరువులు తేలాయి. 1960లో పరీవాహకంలో 45–50 లక్షల హెక్టార్ల మాగాణి ఉంటే తర్వాతి దశాబ్దాల్లో అది 70 లక్షలు దాటింది.

నష్టం కాలువలతో ఆగలేదు. ఎండ ప్రాంతంలో మురుగు పోయే దారి లేకుండా నీరు పెడితే భూగర్భజలం పైకొస్తుంది, కేశాకర్షణతో ఉప్పు మట్టి మీదికి తేలుతుంది. ఆ ఉప్పు కడగడానికి విత్తే ముందు చలికాలంలో పొలాన్ని ముంచి వదలాలి. పంటకు పెట్టే నీరు కాక ఇది అదనం. కడిగిన నీరు ఉప్పునూ పురుగుమందులనూ మోసుకుని ఎడారి గుంటల్లోకో, తిరిగి నదిలోకో చేరేది. సరికమిష్ సరస్సు అలా పొలాల మురుగుతో పెరిగింది. సిర్ దర్యా వైపు 1969 వరదలో చర్దరా ఆనకట్ట నుంచి అర్నసాయ్ పల్లంలోకి వదిలిన నీళ్ళతో ఐదార్ సరస్సు పుట్టింది. అరల్ పోగొట్టుకున్న నీటిలో కొంత ఇలా పేరులేని చోట్ల నిలిచి, ఎవరికీ అక్కరకు రాకుండా ఆవిరైంది. కాలువ గట్లు మూసి, లైనింగు వేసి, పొలాలు చదును చేసి ఉంటే పత్తి పండిస్తూనే సముద్రంలో చాలా భాగం నిలిచేదని నా గట్టి నమ్మకం.

1960ల్లో మట్టం ఏటా 20 సెంటీమీటర్లు తగ్గింది. 1970ల్లో అది 50–60 అయింది, 1980ల్లో 80–90. 1974 తర్వాత పదేళ్ళకు పైగా సిర్ దర్యా దాదాపు సముద్రాన్ని ముట్టనే లేదు. అమూ దర్యా కూడా 1980ల్లో కొన్ని ఏళ్ళు మధ్యలోనే ఆగిపోయింది. సైబీరియా నదుల నీటిని దక్షిణానికి మళ్ళించి లోటు పూడుస్తామన్న పథకం మీద చాలామంది ఆశ పెట్టుకున్నారు. 1986 ఆగస్టులో సోవియట్ ప్రభుత్వం దాన్ని ఆపేసింది.

చేపల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. చేపలు ఉప్పుతో చచ్చిపోయాయని ఒక్కమాటలో తేల్చేస్తుంటారు గాని జరిగింది అంచెలంచెలుగా. మొదటి దెబ్బ ఉప్పుకు ముందే తగిలింది. 1930ల్లో కాస్పియన్ నుంచి తెచ్చిన సెవ్రూగా స్టర్జన్‌తో పాటు మొప్పలకు పట్టే పరాన్నజీవి వచ్చింది. స్థానిక షిప్ స్టర్జన్‌కు దాన్ని తట్టుకునే శక్తి లేదు, 1936లో గుంపులు గుంపులుగా తేలిపోయింది. 1950ల్లో బాల్టిక్ హెర్రింగ్ తెచ్చి వదిలారు. వేరే చేపపిల్లల వెంట గోబీలూ, చిన్న అథెరీనాలూ కోరకుండానే వచ్చేశాయి. ఇవన్నీ నీటిలోని సూక్ష్మజీవుల మేతను ఊడ్చేశాయి, దాని మీద బతికే పాత చేపలకు తిండి కరవైంది. ఇంతలో మట్టం తగ్గింది. మీటరు లోతు తగ్గితే చాలు, డెల్టా రెల్లుమడుగులు సముద్రంతో తెగిపోయి ఎండిపోతాయి. గుడ్లు పెట్టే చోటే పోయింది. అప్పటికి ఉప్పు ఇంకా 12 గ్రాములే. 14 గ్రాములు దాటాక మిగిలినచోట్ల పెట్టిన గుడ్లు కూడా పొదగడం మానేశాయి. పెద్ద చేపలు ఇంకా తిరుగుతూనే ఉండేవి, వలలో పడుతూనే ఉండేవి, పిల్లలు మాత్రం కనిపించేవి కావు. 1980ల మొదటికి ఆ పెద్దవీ అయిపోయాయి. వేట ఆగింది. ఫ్యాక్టరీల్లో పనివాళ్ళను ఉంచడానికి బాల్టిక్ నుంచీ పసిఫిక్ నుంచీ గడ్డకట్టించిన చేపలను వేల కిలోమీటర్లు రైల్లో తెచ్చి డబ్బాల్లో పెట్టించారు.

రేవుల పాట్లు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. నీరు దూరమైన కొద్దీ ఓడలు తిరగడానికి రేవు నుంచి కాలువ తవ్వేవారు. మరుసటి ఏడు మళ్ళీ పొడిగించేవారు. పల్లం చాలా తక్కువ ఉన్న అడుగు మీద మట్టం అరమీటరు తగ్గితే తీరం కిలోమీటర్లు జరుగుతుంది, ఏ డ్రెడ్జరూ దాన్ని అందుకోలేదు. అరల్ తూర్పు భాగమంతా వెడల్పాటి పళ్ళెం లాంటిది, పడమటి అంచు మాత్రం ఉస్త్యుర్త్ కొండచరియ కింద లోతైన లోయ. పళ్ళెంలో నీరే ముందు పోయింది. అరల్స్క్ నుంచి నీరు వంద కిలోమీటర్ల దాకా వెళ్ళిపోయింది. మొయినాక్ నుంచి అంతకంటే దూరం పోయింది. ఓడలు ఎక్కడ ఆనాయో అక్కడే నిలిచాయి, తర్వాత చాలావాటిని తుక్కు కింద కోసేశారు.

ఎండిన అడుగు మామూలు ఇసుక కాదు. అరల్ నీటిలో మహాసముద్రంతో పోలిస్తే సల్ఫేటూ కాల్షియమూ ఎక్కువ. చిక్కబడేకొద్దీ ముందు సున్నపు పదార్థం, ఆ తర్వాత జిప్సం అడుగుకు చేరతాయి. నీరు బాగా చిక్కనయ్యాక చలికాలంలో మిరాబిలైట్ అనే సోడియం సల్ఫేటు స్ఫటికాలు కడతాయి. వేడి తగలగానే వాటిలోని నీరు ఎగిరిపోయి తెల్లటి మెత్తని పొడి మిగులుతుంది. చిన్న గాలికే అది లేస్తుంది. పొలాల నుంచి వచ్చి చేరిన మందుల అవశేషాలూ అందులో కలిసి ఉంటాయి. 1975 నాటి ఉపగ్రహ చిత్రాల్లోనే ఆ దుమ్ము తోకలు కనిపించాయి. ఈ ఎడారికి అరల్‌కుం అని పేరు పడింది, విస్తీర్ణం 50,000 చదరపు కిలోమీటర్లు దాటింది. డెల్టా పొలాల మీద ఉప్పు రాలింది. వేసవులు ఇంకా వేడెక్కాయి, చలికాలాలు ఇంకా కొరికాయి, పంటకాలం కుదించుకుపోయింది. కరకల్పాక్‌స్తాన్‌లో ఊపిరితిత్తుల జబ్బులు, క్షయ, ఆడవాళ్ళలో రక్తహీనత పెరిగాయి.

1980ల చివర్లో సముద్రం రెండు ముక్కలైంది. సిర్ దర్యా పడే చిన్న ముక్క ఉత్తరాన, అమూ దర్యా పడే పెద్ద ముక్క దక్షిణాన. మధ్యలో బెర్గ్ పేరే పెట్టిన జలసంధి. ఉత్తరపు ముక్క మట్టం కాస్త ఎత్తున ఉండడంతో, ఒకప్పుడు ఓడల కోసం లోతు చేసిన కాలువ గుండా నీరు దక్షిణానికి జారేది. పారేకొద్దీ ఆ కాలువ కోసుకుంటూ సిర్ దర్యా ముఖం వైపు పాకింది. అది నదిని అందుకుని ఉంటే సిర్ దర్యా మొత్తం దక్షిణానికి తిరిగి, ఉత్తరపు ముక్క పూర్తిగా పోయేది. సెయింట్ పీటర్స్‌బర్గ్ జంతుశాస్త్ర సంస్థకు చెందిన నికొలాయ్ అలదిన్ వంటివాళ్ళు ఈ జలసంధిని మూయాలని పట్టుబట్టారు. స్థానికులు ఎక్కువ ఆలోచించలేదు. 1992 వేసవిలో అక్కడి ఇసుకతోనే అడ్డంగా గట్టు పోశారు.

ఆ ఇసుకకట్టను నేను ఎప్పుడూ చాలా గౌరవంగా తలుచుకుంటాను. సోవియట్ దేశం అప్పుడే విడిపోయింది, డబ్బు లేదు, యంత్రాలకు విడిభాగాలు లేవు. అయినా తెగిన ప్రతిసారీ మళ్ళీ పోశారు. నిలిచినన్నాళ్ళు మట్టం పెరిగింది, ఉప్పు తగ్గింది, రెల్లు మళ్ళీ మొలిచింది, పక్షులు దిగాయి. లోపం రెండు చోట్ల ఉంది. కట్టింది ఉత్త ఇసుకతో, అలల వైపు రాతి కవచం లేదు. ఎక్కువైన నీటిని అదుపుగా వదలడానికి గేట్లున్న తూము లేదు. మట్టం పెరిగేకొద్దీ తుపాను అలలు కట్ట అంచుకు దగ్గరయ్యాయి. 1999 ఏప్రిల్‌లో తుపాను గాలికి కట్ట మొత్తం తెగింది, ఏళ్ళ తరబడి కూడిన నీరు దక్షిణానికి కొట్టుకుపోయింది. అయితే ఆ ఏడేళ్ళూ వృథా కాలేదు. నీరు ఆపితే చాలు ఉత్తర అరల్ తేరుకుంటుందని లెక్కల్లో కాక కళ్ళెదుటే రుజువైంది. ప్రపంచ బ్యాంకు ముందుకొచ్చింది అది చూశాకే.

కజాఖ్‌స్తాన్ ప్రభుత్వం, ప్రపంచ బ్యాంకు కలిసి సుమారు 8.6 కోట్ల డాలర్ల పథకం పెట్టాయి. అదే జలసంధికి అడ్డంగా వేసిన కొక్-అరల్ కట్ట అందులో ఒక భాగం మాత్రమే. 13 కిలోమీటర్ల కట్ట, దానిలో కాంక్రీటు తూము, తొమ్మిది గేట్లు. మిగతా డబ్బు సిర్ దర్యా మీద పాత రెగ్యులేటర్లు బాగుచేయడానికీ, నది గట్లు పటిష్ఠం చేయడానికీ పోయింది. ఈ రెండో భాగం పత్రికల్లో కనిపించదు గాని అసలు ప్రాణం అందులోనే ఉంది. నీరు దారిలో పొంగి ఎడారిపాలు కాకుండా సముద్రం దాకా వస్తేనే కట్ట దేన్నైనా ఆపగలిగేది. 2005 ఆగస్టులో కట్ట పూర్తయింది. 42 మీటర్ల మట్టానికి చేరడానికి ఏళ్ళు పడుతుందనుకుంటే 2006 వసంతానికే నిండి తూము గుండా నీరు వదలాల్సి వచ్చింది.

ఎందుకంత తొందరగా నిండింది? మళ్ళీ అదే లెక్క. 42 మీటర్ల దగ్గర ఉత్తర అరల్ విస్తీర్ణం సుమారు 3,300 చదరపు కిలోమీటర్లు, నిల్వ 27 ఘన కిలోమీటర్లు. ఏటా ఆవిరికి పోయేది మూడు ఘన కిలోమీటర్లు, అంటే 105 టీఎంసీల చుట్టుపక్కల. సిర్ దర్యా మామూలు ఏళ్ళలో అంతకంటే ఎక్కువే తెస్తుంది. పాత సముద్రంలో ఇరవయ్యో వంతును ఎంచుకుని, దాని ఖర్చును నదికి తగ్గట్టు కుదించారు. మొత్తం అరల్‌ను నిలబెడతామని కూర్చుని ఉంటే ఈ ముక్క కూడా దక్కేది కాదు.

ఉప్పు తగ్గడం ఆనకట్ట వల్ల నేరుగా జరగదు. ఆవిరైన నీరు ఉప్పును వదిలే పోతుంది కాబట్టి పూర్తిగా మూసేస్తే ఏళ్ళు గడిచేకొద్దీ మళ్ళీ ఉప్పదనం పెరుగుతుంది. వసంతంలో నది పొంగినప్పుడు గేట్లెత్తి కొంత ఉప్పునీటిని దక్షిణానికి వదలాలి, దాని చోటును తీపినీరు ఆక్రమించాలి. అలా ఉప్పదనం లీటరుకు పది గ్రాముల దరిదాపులకు, నది ముఖం దగ్గర అంతకంటే కిందికి దిగింది. ఇబ్బంది ఏమిటంటే, తూములోంచి నీటితో పాటు చేపలూ కొట్టుకుపోతాయి. అటువైపు దిగినవి చిక్కని ఉప్పులో చచ్చిపోతాయి, తిరిగొచ్చే దారి లేదు.

1979 నుంచి అజోవ్ సముద్రపు కంబాలా చేపలను అరల్‌లో వదిలారు. బల్లపరుపుగా ఉండి, రెండు కళ్ళూ ఒకే వైపున్న ఈ చేప ఉప్పునీటిలోనే గుడ్లు పెడుతుంది కాబట్టి నిలదొక్కుకుంది. 1990ల్లో అరల్‌లో వేటకు మిగిలిందల్లా అదొక్కటే. స్థానిక జాలర్లకు దాన్ని పట్టడం కొత్త. నీటి మధ్యలో తిరిగే చేపకు వేసే వల దీనికి పనికిరాదు, అడుగుకు ఆనించి పరిచే వల కావాలి. డెన్మార్క్ జాలర్లు వచ్చి వలలిచ్చి, నేర్పించి వెళ్ళారు. పడవలు మూలపడకుండా, జాలరి పిల్లలు పని మరిచిపోకుండా ఆ దశాబ్దాన్ని దాటించింది కంబాలాయే. ఉప్పు తగ్గాక నదిలోనూ డెల్టా చెరువుల్లోనూ తలదాచుకున్న సుదాక్, లేష్, సజాన్ తిరిగొచ్చాయి, కంబాలా పక్కకు తప్పుకుంది. కమిస్తిబాస్ దగ్గర హేచరీలో పెంచిన పిల్లలను కూడా వదిలారు. 2006లో 1,360 టన్నులున్న పట్టుబడి 2016కి 7,106 టన్నులకు చేరింది. సుదాక్ ఫిల్లెట్లు ఐరోపాకు వెళుతున్నాయి. గుడ్లు పెట్టే వసంతపు నెలల్లో వేట నిషేధం. దొంగవేట ఆ నెలల్లోనే ఎక్కువ, అదీ నది ముఖం దగ్గర. ఎగువకు ఈదే తల్లిచేపలు అక్కడ ఇరుకు కాలువల్లో గుంపుకడతాయి.

నది నీరు ఎంత వస్తుందన్నదే కాదు, ఎప్పుడు వస్తుందన్నదీ ముఖ్యం. కిర్గిజ్‌స్తాన్‌లోని తొక్తొగుల్ జలాశయం 19.5 ఘన కిలోమీటర్లు పట్టేది. సోవియట్ రోజుల్లో అది వేసవిలో పొలాలకు నీరు వదిలేది, బదులుగా చలికాలంలో దిగువ రిపబ్లిక్కుల నుంచి బొగ్గూ గ్యాసూ వెళ్ళేవి. 1991 తర్వాత ఆ ఇచ్చిపుచ్చుకోవడం చెడింది. కిర్గిజ్‌లు చలికాలంలో కరెంటు కోసం నీరు వదలడం మొదలుపెట్టారు. ఆ సమయంలో దిగువ సిర్ దర్యా మంచుగడ్డ కింద ఉంటుంది, అందులో పట్టే నీరు వేసవిలో పట్టేదాంట్లో కొంతే. మిగిలింది ఊళ్ళను ముంచేది, లేదంటే చర్దరా నుంచి అర్నసాయ్‌లోకి మళ్ళి సముద్రానికి దక్కకుండా పోయేది. అందుకే చర్దరాకు దిగువన కజాఖ్‌స్తాన్ 3 ఘన కిలోమీటర్ల కొక్సరాయ్ జలాశయం కట్టుకుంది. చలికాలపు పొంగును పట్టి ఉంచి, మంచు కరిగాక వదులుతుంది. అరల్ గురించి పట్టించుకునేవాళ్ళు కొక్-అరల్‌ను తలిచినంతగా కొక్సరాయ్‌ను తలవరు, అది న్యాయం కాదు.

దక్షిణం కథ వేరు. పెద్ద ముక్క మళ్ళీ తూర్పు, పడమరలుగా చీలింది. పళ్ళెంలా ఉన్న తూర్పు భాగం 2014 వేసవిలో పూర్తిగా ఎండింది. ఆ తర్వాత మంచి నీటి ఏళ్ళలో కొంత తడి చేరుతుంది, నిలవదు. పడమటి లోయలో లీటరుకు వంద గ్రాములు దాటిన ఉప్పునీరు మిగిలింది. అందులో చేప లేదు. ఆర్టీమియా అనే బుల్లి ఉప్పునీటి రొయ్య ఉంది, రొయ్యల హేచరీల్లో పిల్లలకు పెట్టేదే, దాని గుడ్లను గట్టున తెట్టెగా చేరినప్పుడు పోగుచేసి అమ్ముతారు. సోవియట్ సైన్యం జీవాయుధాలు పరీక్షించిన వొజ్రొజ్దేనియా ద్వీపం 2001కల్లా నేలతో కలిసిపోయింది. అక్కడ పూడ్చిపెట్టిన ఆంత్రాక్స్‌ను 2002లో ఉజ్బెక్, అమెరికన్ బృందాలు నిర్వీర్యం చేశాయి.

దక్షిణంలో నీరు తేవడం చేతకాదని తేలాక నేలను కట్టడి చేసే పని మొదలైంది. దానికి సక్సౌల్‌ను మించిన మొక్క లేదు. ఆకులు దాదాపు ఉండవు, వేళ్ళు పది మీటర్ల లోతుకూ దిగుతాయి, ఉప్పును ఓర్చుకుంటుంది. గింజలు అక్టోబరు, నవంబరుల్లో కోయాలి. వాటి మొలకెత్తే శక్తి నెలల్లోనే పడిపోతుంది కాబట్టి నిల్వ పెట్టకుండా ఆ చలికాలంలోనే చల్లాలి, మంచు కరిగిన తడికి మొలుస్తుంది. విమానాల నుంచి చల్లుతారు, లేదా నర్సరీలో ఏడాది పెంచిన మొక్కను వసంతం మొదట్లో నాటుతారు. ఇసుక అడుగు మీద బాగానే పడుతుంది. ఉప్పు పెచ్చు కట్టిన బంకమట్టి మీద నేరుగా నాటితే మొక్క చచ్చిపోతుంది. అక్కడ ముందుగా ట్రాక్టరుతో లోతైన చాళ్ళు తీసి, గాలికి కొట్టుకొచ్చే ఇసుకను ఒక కాలమంతా వాటిలో నిండనివ్వాలి. వాన నీరు ఆ ఇసుకలోని ఉప్పును కిందికి దించాక అందులో నాటాలి. గాలికి అడ్డంగా వరుసలుండాలి. రెండు మూడేళ్ళు పశువులు మేయకుండా, వంటచెరకు కింద నరక్కుండా కాపలా కావాలి. 2018 చివరి నుంచి ఉజ్బెకిస్తాన్ పది లక్షల హెక్టార్లకు పైగా విత్తినట్టు చెబుతోంది. విత్తిన విస్తీర్ణం కంటే మూడో ఏట బతికి ఉన్న మొక్కల లెక్క నాకు ముఖ్యం. బంకనేలల్లో ఆ లెక్క చాలా తక్కువ వస్తుంది, మళ్ళీ మళ్ళీ నాటాల్సిందే. అమూ దర్యా డెల్టాలో సుదోచ్యె వంటి మడుగులకు కాలువలు తిప్పి, చిన్న గట్లు వేసి నీరు నిలపడం వల్ల రెల్లూ పక్షులూ కొంత తిరిగొచ్చాయి. ఏటా నీరు అందితేనే అవీ ఉంటాయి.

అమూ దర్యా మీద కొత్త భారం పడుతోంది. 2022లో అఫ్గానిస్తాన్ మొదలుపెట్టిన కొష్ తెపా కాలువ 285 కిలోమీటర్లు. అదీ ఇసుకలో, లైనింగు లేకుండా తవ్వుతున్నారు. ఆ నదిలో అఫ్గాన్లకూ హక్కుంది, కాదనలేం. కరకుం కాలువ చేసిన తప్పునే తిరిగి చేయకుండా లైనింగు వేయించడానికి దిగువ దేశాలు ఖర్చు పెట్టుకున్నా అది తమ మేలుకే.

ఉత్తరంలో ముందున్న ప్రశ్న మట్టం పెంచడం. రెండు దారులు చాలాకాలంగా చర్చలో ఉన్నాయి. కొక్-అరల్ కట్టనే ఎత్తు చేసి మొత్తం ఉత్తర అరల్‌ను పైకి తేవడం ఒకటి. సరిషగనాక్ అఖాతానికి వేరే కట్ట వేసి, సిర్ దర్యా నుంచి కాలువతో దాన్ని నింపి, అరల్స్క్ పాత రేవుకు నీరు చేర్చడం రెండోది. రెండోదాని మీద అరల్స్క్‌వాళ్ళకు మోజు ఎక్కువ, ఇప్పుడు పాతిక కిలోమీటర్ల దాకా వచ్చి ఆగిన నీరు ఊరి గుమ్మంలోకి వస్తుంది. నా మనసు మాత్రం మొదటిదానికే మొగ్గుతుంది. అఖాతాన్ని విడిగా కట్టడి చేస్తే ప్రధాన సరస్సుకు నది నేరుగా అందించేది తగ్గుతుంది, చేపలు ఎగువ దిగువలు తిరగడానికి ఇంకో అడ్డు పడుతుంది, పూడుకుపోయే పొడవైన కాలువను ఏటా తవ్వుకుంటూ ఉండాలి. కట్ట ఎత్తు పెంచితే విస్తీర్ణం పెరుగుతుంది, దాంతో ఆవిరి ఖర్చూ పెరుగుతుంది. 2020 తర్వాతి కరవు ఏళ్ళలో 42 మీటర్లకే నీరు చాలక మట్టం దిగింది. కాబట్టి ఎత్తు పెంచే ముందు ఎగువన కజాఖ్‌స్తాన్‌లోనే ఉన్న క్యిజిలోర్దా ప్రాంతపు వరి మడుల నీటివాడకం తగ్గించడం, తొక్తొగుల్ వదిలే నీటి మీద ఏడాదికేడాది కాక పదేళ్ళకు సరిపడా ఒప్పందం కుదుర్చుకోవడం జరగాలి. తూముకు చేపలు పోకుండా అడ్డుజాలీ, కట్ట ఎత్తు చేసే పనిలోనే కలిపి పెట్టించాలి.